ఓరుమే దీవివారికి ఘన సన్మానం

అమెరికాలోని ఫ్రీమాంట్ తెలుగు వెలుగు సమితివారు పసిఫిక్ మహాసముద్రంలోని ఓరుమే దీవి ప్రజలను ఈ ఏడాది ఉద్ధరించాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. ఉద్ధరించమని ఆ ప్రజలు అడగలేదు. అడిగిందాకా ఆగితే అది సేవ ఎలా అవుతుంది?

నిజానికి వాళ్లడిగింది ఒక హాలు. దీవి కొంచెం కొంచెంగా సముద్రంలోకి జారిపోతుంటే, మిగిలిన మూడొందల మందీ పక్కనున్న హేవర్డ్‌కి వచ్చిపడ్డారు. ఏటా నవంబరు రెండో ఆదివారం అందరూ ఒకే కప్పు కింద చేరి, పోయినవాళ్ల పేర్లన్నీ పొద్దుగూకేదాకా పాడాలి. ఒక్క ఏడు పాడకపోతే పోయినవాళ్లు దారి తప్పుతారని వాళ్ల నమ్మకం. ఇన్నాళ్లూ పాడుకున్న హాలు కాస్తా అమ్ముడైపోయింది. అందుకని వాళ్ల పెద్దావిడ లోసా, పూల గౌను వేసుకుని సమితి అధ్యక్షుడు గౌరీశంకర్ దగ్గరికొచ్చి, "నాయనా, ఒక్క రోజు మీ హాలు ఇస్తారా?" అంది. ఇంగ్లీషులోనే అందనుకోండి.

"హాలెంత పనమ్మా! ముందు మీ అవసరాలేమిటో స్టడీ చేయనివ్వండి" అన్నాడు గౌరీశంకర్. ఎదురుగా నిలబడి చెబుతున్న అవసరాన్ని నమ్మేసేంత అమాయకుడు కాడాయన. పాతికేళ్లుగా సాఫ్ట్‌వేర్‌లో రిక్వైర్‌మెంట్స్ రాస్తున్నవాడు.

కమిటీ వేశారు. కమిటీవారు హేవర్డ్ వెళ్లి, పెట్టిన చేపలూ చేమదుంపలూ సుష్టుగా తిని, జనజీవనాన్ని కూలంకషంగా పరిశీలించి వచ్చారు. అబ్బ, ఎంత ఘోరమండీ! పిల్లలు స్కూలు నుంచి రాగానే ఆడుకుంటున్నారు. ముసలివాళ్లకి తమ కొలెస్టరాల్ ఎంతో తెలీదు. అన్నదమ్ములు పక్కపక్క ఇళ్లలో ఉండి కూడా మాట్లాడుకుంటున్నారు. రిటైర్‌మెంట్ ప్లాన్ ఏమిటని అడిగితే మనవల్ని చూపిస్తున్నారు. చెబుతూ చెబుతూ కమిటీ సభ్యురాలు బిందుమాధవిగారు కళ్లొత్తుకున్నారు. వెంటనే పిల్లలకి మ్యాథ్ కోచింగ్, పెద్దవాళ్లకి రెజ్యూమే వర్క్‌షాప్, ముసలివాళ్లకి యోగా మంజూరయ్యాయి. హాలు సంగతి 'ఇతర అంశాలు'లోకి వెళ్లింది.

ఇవన్నీ ప్రారంభించాలంటే సన్మానం జరగాలి కదా. సన్మానం చేయకుండా మనం ఎవర్నీ ఉద్ధరించం. జ్యోతి వెలిగించారు. స్వాగత నృత్యం చేశారు. కోశాధికారి సూర్యప్రకాశ్ తెలుగుజాతి గొప్పతనం మీద గంట మాట్లాడి, ఓరుమేవాళ్ల మాట మరిచి కూర్చున్నాడు. వాళ్లు మాత్రం ఎవరు కూర్చున్నా మనస్ఫూర్తిగా చప్పట్లు కొట్టారు.

అప్పుడు గౌరీశంకర్ మైకందుకున్నాడు. "సోదరులారా! మీరు వేరు, మేం వేరు కాదు! మీ సముద్రంలోనూ ఉప్పే, మా సముద్రంలోనూ ఉప్పే! ఈ క్షణం నుంచి మీరు మా రక్తం!" అని ఉప్పొంగిపోయి, లోసాకి స్వహస్తాలతో శాలువా కప్పాడు. వరసపెట్టి మిగతావాళ్లకీ కప్పారు. శాలువాలకి మనకేం కరువు? ప్రతి బీరువాలోనూ తలో డజను మూలుగుతుంటాయి.

లోసా గౌరీశంకర్ నుదుటికి తన నుదురు ఆనించి భోరుమంది. ఆ దీవిలో నలుగురి ముందు భుజాల మీద బట్ట కప్పితే, ఇంటివాళ్లుగా కలుపుకున్నట్టే. ఆ తర్వాత ఇక అడగడాలూ, మొహమాటాలూ ఉండవు. లోసా మనవరాలు ఈ ఆచారం వివరించగానే, "వండర్‌ఫుల్ కల్చర్!" అని మనవాళ్లు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

శనివారం తెల్లారేసరికి చుట్టాలు దిగారు. చాపలు, దుంపల బుట్టలు, చంటిపిల్లలు. గౌరీశంకర్ ప్రాణంలా పెంచుకున్న లాన్ తవ్వి, రాళ్లు కాల్చి, పొయ్యి పెట్టారు. ఆయన భార్య హైమ మొదట లబోదిబోమంది గానీ, సాయంత్రానికల్లా గిన్నెలు తళతళలాడుతుంటే లోసాని "అత్తయ్యా" అనేసింది. "మీ అసలు చుట్టాలు ఏనాడైనా ఒక్క ప్లేటెత్తారా?" అని మొగుణ్ణి నిలదీసింది కూడా.

"రెండో ఆదివారం పాట మన హాల్లోనే నాయనా" అంది లోసా. ఈసారి అడగలేదు, చెప్పింది.

ఇక్కడే వచ్చింది చిక్కు. నవంబరంటే కార్తీకం. కార్తీకమంటే వనభోజనాలు. వనం లేకపోయినా ఫర్వాలేదు, కార్పెట్ ఉంటే చాలు. ఉసిరి చెట్టు కుండీలో వస్తుంది. ఆ నాలుగు ఆదివారాల్నీ నాలుగు రకాల 'మనవాళ్లు' ఏనాడో పంచుకున్నారు. ఏ ఆదివారం ఎవరిదో ఎక్కడా ప్రకటించరు. అయినా పొరపాటున ఒక్కరు కూడా పక్కవాళ్ల ఆదివారానికి రారు. అదీ మన క్రమశిక్షణ! రెండో ఆదివారం గౌరీశంకర్ వాళ్లది.

"మరీ మంచిది. మీవాళ్లంటే మావాళ్లే కదా. కలిసి తిందాం. మీ పెద్దల పేర్లు కూడా మేమే పాడతాం" అంది లోసా.

గౌరీశంకర్ 'మనవాళ్ల'కి పెద్దదిక్కయిన డాక్టర్ పాపయ్యగారికి ఫోన్ చేశాడు. "శాలువా కప్పింది సమితి తరఫున. ఆదివారం మనవాళ్లది. రెండూ కలిపితే ఎలాగయ్యా? ఇవాళ వీళ్లని రానిస్తే, రేపు సూర్యప్రకాశ్ వాళ్లూ వస్తామంటారు!" అని గయ్‌మన్నారాయన. వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు. పంక్తే మనది కాకపోతే ఏం చేయాలో సామెత చెప్పలేదు.

గౌరీశంకర్‌కి సిగ్గేసింది. నిజంగానే సిగ్గేసింది. అయినా హాలివ్వలేదు. సిగ్గు వేరు, ఆదివారం వేరు.

"ఆ రోజు మావాళ్లే ఉండాలమ్మా" అన్నాడు నసుగుతూ.

"తెలుగువాళ్లంతానా?"

"అంతా కాదు. మిగతావాళ్లు రారు. వాళ్ల ఆదివారాలకి మేమూ వెళ్లం."

"మరి మీరెంతమంది?"

"పిల్లలతో కలిపి నూట ఇరవై."

లోసా గుండెలు బాదుకుంది. "అయ్యో నా తండ్రీ! మాకన్నా చిన్న జాతా! ముందే చెప్పొద్దూ? మీ దీవి కూడా మునిగిపోయిందా?"

ఆ ఆదివారం హైమ కార్లు బయటపెట్టించి గరాజ్ తెరిచింది. పట్టినవాళ్లు పట్టగా, తక్కినవాళ్లకి టార్పాలిన్ లాగి కప్పు కలిపారు. పేర్లన్నీ పాడారు. హైమ వనభోజనాలకి ఎగనామం పెట్టి, పోయిన తన తమ్ముడి పేరు చెబితే అదీ పాడారు. అప్పుడు గౌరీశంకర్ హాల్లో పులిహోర తింటూ అంత్యాక్షరి ఆడుతున్నాడు.

ఓరుమేవాళ్లు జాలిగుండె మనుషులు. కనుమరుగైపోతున్న చిన్న జాతుల కోసం వాళ్లు చేసే ప్రార్థనలో ఇప్పుడు మనమూ చేరాం. మన అసలు పేరు ఎవరూ బయటికి చెప్పరు కాబట్టి, 'రెండో ఆదివారం వాళ్లు' అని పాడుతున్నారు. మిగతా మూడు జాతుల క్షేమం కోసం కూడా పాడదామని వాకబు చేస్తున్నారు. నవ్వుతున్నారు గానీ, ఇంతకీ తమరిది ఏ ఆదివారం?