నిండని ట్యాంకు మాహాత్మ్యం

సెప్టిక్ ట్యాంకు నిండకూడదు. నిండిందంటే ఆ ఇంటికి ఏదో దోషం ఉన్నట్టే!

నవ్వకండి. నేను చాలా సీరియస్‌గా చెబుతున్నాను. కొరియాలోని ఈ జేజూ దీవిలో పుట్టి, ఈ నల్లరాళ్ళ మధ్యే నెత్తి నెరిసినవాణ్ణి. ఏది నిండాలో, ఏది నిండకూడదో నాకు తెలియదా? గాదె నిండాలి. చేపల బుట్ట నిండాలి. పెరట్లో కాంక్రీటు మూత కింద ఉన్న ఆ గొయ్యి మాత్రం ఎన్నేళ్ళు వాడినా నిండకూడదు. అదే కట్టినవాడి పనితనం, అదే ఇంటివాడి అదృష్టం!

ఆ అదృష్టం మా ఊరికి పట్టినట్టు మరే ఊరికీ పట్టలేదు. మా ఊరి పెద్ద హ్యొన్ గిబేగారినే చూడండి. ఊరికి ఎగువన, హల్లా కొండ వైపు, ఆయనకు పెద్ద గెస్ట్‌హౌస్ ఉంది. వేసవి వచ్చిందంటే గది ఖాళీ ఉండదు. వచ్చినవాళ్ళు వచ్చినట్టు పందిమాంసం కాల్చుకు తింటారు, బీరు తాగుతారు, తెల్లారేసరికి బాత్‌రూముల ముందు క్యూ కడతారు. ఇంతమంది ఇన్నేళ్ళుగా ఇంత శ్రమ పడుతున్నా ఆ ట్యాంకు ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి నిండలేదు!

గిబేగారు అతిథులకు సముద్రం కంటే ముందు ట్యాంకు మూత చూపిస్తారు. "కట్టించిన్నాటి నుంచీ దీన్ని ఎత్తింది లేదు. ఎత్తే అవసరం పడితేగా!" అని దాన్ని కాలితో తట్టి మరీ చెబుతారు. సియోల్ నుంచి వచ్చినవాళ్ళు నోరు తెరుస్తారు. కొందరు ఫొటో తీసుకుంటారు.

అదెలా సాధ్యమని అడిగే కొంటె పాఠకులు ఉంటారు. అడగండి, చెబుతాను. మా దీవి మొత్తం అగ్నిపర్వతం కక్కిన రాయి. జల్లెడలాగా దానికి ఒళ్ళంతా చిల్లులే. ఎంత వాన కురిసినా గుటుక్కుమని మింగేస్తుంది. వాన వెలిస్తే మా ఏరుల్లో పిచ్చుక మునగడానికి కూడా నీళ్ళు ఉండవు. మింగిన నీళ్ళన్నీ నేల కిందుగా నడిచొచ్చి, మా ఊరి ఒడ్డున రాళ్ళ సందుల్లోంచి ఊటగా పైకొస్తాయి. నడివేసవిలో అందులో చెయ్యి పెడితే వేళ్ళు కొంకర్లు పోతాయి.

ఇంత ఆకలిగల నేల ఉండగా ట్యాంకుకు అడుగు ఎందుకండీ? నాలుగు గోడలు, ఒక మూత చాలవా? గిబేగారు కట్టించేటప్పుడు మేస్త్రి అడిగాడట, కింద కూడా కాంక్రీటు వెయ్యమంటారా అని. "కింద ఎవరు చూడొచ్చారు?" అన్నారట ఈయన. ఎంత ముందుచూపు! ఊరంతా ఆయన బాటే పట్టింది. పైన పటారం, లోన లొటారం అని ఓర్వలేనివాళ్ళు అంటారు. అననివ్వండి.

మా తాతల కాలంలో ఇంత సుఖం ఎక్కడిది? మరుగుదొడ్డి కింద పందిని కట్టేవారు. మనుషులు వదిలింది అది తినేది. అది వదిలింది గడ్డితో కలిపి కుళ్ళబెట్టి బార్లీ చేలకు తోలేవారు. ఏది ఎక్కడికి పోతోందో ఇంటిల్లిపాదికీ తెలిసేది. ఎంత అనాగరికం! ఇప్పుడు బటన్ నొక్కుతాం, గలగలమంటుంది, ఎక్కడికి పోయిందో దేవుడికి కూడా తెలియదు. నాగరికత అంటే అది కదా!

దేవుడంటే గుర్తొచ్చింది. మా దగ్గర వంటింటికో దేవత, మరుగుదొడ్డికో దేవత ఉన్నారు. ఇద్దరూ ఒకే మొగుడి పెళ్ళాలు. పొయ్యి దగ్గరున్నది పెద్దభార్య, దొడ్డి దగ్గరున్నది సవతి. ఇద్దరి మధ్యా పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. అందుకే దొడ్డి వైపు నుంచి పుల్ల గానీ రాయి గానీ వంటింటి వైపు రాకూడదని పెద్దల కట్టడి. ఈ విషయంలో గిబేగారంత నిష్ఠాపరుడు మరొకడు లేడు. ఒకసారి కోడలు బాత్‌రూము చీపురు తెచ్చి వంటింటి గోడకు ఆనించిందని ఇల్లు పీకి పందిరి వేశారు. "ఆవిడ గడప దాటి ఈవిడ గడపలోకి వస్తుందా? కొంప ముంచుతావా, పిల్లా?" అని ఆయన అరిచిన అరుపు మా ఇంటి దాకా వినిపించింది.

అలాంటి సవతుల్ని ఎవరు కలిపారనుకున్నారు? నిండని ట్యాంకే! ఎలాగో చెప్పాలంటే ముందు మీకు వొల్సున్‌ని పరిచయం చెయ్యాలి.

బూ వొల్సున్‌కు డెబ్బై దాటాయి. మా ఊళ్ళో పెద్దవాళ్ళను ఆడా మగా తేడా లేకుండా 'సమ్‌చున్' అనే పిలుస్తాం కాబట్టి ఆవిడ కూడా ఊరందరికీ సమ్‌చునే. ఊటకు ఆనుకుని ఆవిడకు చిన్న హోటల్ ఉంది. బల్లలు నాలుగు, వంటకం ఒకటే: ముల్హ్వే. పచ్చి చేపను ముళ్ళతో సహా సన్నగా తరిగి, సోయా ముద్ద, దోసకాయ, వెనిగర్ కలిపి, పైన చల్లటి ఊట నీళ్ళు పోసి గిన్నె ముందు పెడుతుంది. పొయ్యి వెలిగించే పనే లేదు. ఆ నీళ్ళ రుచే ఆ పులుసు రుచి. ఆవిడ బతుకంతా ఆ ఊట మీదే నడిచింది.

గిబేగారు తన అతిథుల్ని రోజూ మధ్యాహ్నం అక్కడికే పంపేవారు. ఇప్పుడు చూడండి విచిత్రం! అతిథులు కిందికొచ్చి పులుసు తింటారు. పైకెళ్ళి ట్యాంకుకు సమర్పిస్తారు. ట్యాంకు నేలకు ఇస్తుంది. నేల ఊటకు ఇస్తుంది. ఊట మళ్ళీ పులుసు గిన్నెకు ఇస్తుంది. దొడ్డి దేవత వంటింటి దేవతకు చెయ్యి అందించింది! రీసైక్లింగ్, రీసైక్లింగ్ అని దేశదేశాలు గొంతు చించుకుంటున్నాయే, మేము ఒక్క సభ కూడా పెట్టకుండా సాధించాం!

ఇంత మంచి ఊళ్ళో ఉలిపికట్టె ఒకటి ఉంది. అది వొల్సున్ ట్యాంకు. ఆవిడ దానికి అడుగు వేయించింది. అందువల్ల అది నిండేది! ఏడాదికోసారి కంపు లారీ రావాల్సిందే. గొట్టం పెట్టి లాగుతుంటే సందంతా గుప్పుమనేది. ఊరంతా ముక్కులు మూసుకుని జాలిపడేవాళ్ళం. "ఏంటి సమ్‌చున్, మళ్ళీ నిండిందా? ఆ మేస్త్రి ఎవరో నిన్ను నిలువునా ముంచాడు!" అనేవారు గిబేగారు. "నిండక ఏం చేస్తుందిరా? నేను తింటున్నానుగా!" అనేది ఆవిడ.

మొన్న వేసవిలో ఇద్దరు అతిథులకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. ఆరోగ్య శాఖ ఆఫీసువాళ్ళు వచ్చి ఊట నీళ్ళు సీసాలో పట్టుకెళ్ళారు. రిపోర్టు వచ్చింది. నైట్రేట్లు ఉండాల్సినదానికంటే చాలా ఎక్కువ ఉన్నాయట. మలంలో ఉండే బాక్టీరియా కూడా ఉందట. ఊట పక్కన 'ఈ నీరు తాగరాదు' అని బోర్డు పాతారు. ఊరి పరువు పోతుందని గిబేగారు బోర్డును సముద్రం వైపు తిప్పించారు. చేపలు చదువుకుంటాయి!

ఊరి హాల్లో మీటింగు పెట్టాం. కమలా తోటల ఎరువే కారణమన్నారు తోటలు లేనివాళ్ళు. పందుల ఫారాలే అన్నారు తోటలవాళ్ళు. ట్యాంకుల మూతలు ఎత్తి చూస్తే సరి అని ఎవరో గొణిగారు. గుమ్మడికాయల దొంగ అంటే అందరూ భుజాలు తడుముకుంటే ఎలా ఉంటుందో ఆ రోజు కళ్ళారా చూశాను.

గిబేగారు లేచారు. "మూతలెత్తడం దేనికి? నా ట్యాంకు ఇన్నేళ్ళలో నిండనే లేదు. అందులో ఏమన్నా ఉంటే కదా బయటికి పోవడానికి!"

ఏం తర్కమండీ! చప్పట్లు మోగాయి.

"మరి ఈ ఊళ్ళో ఎవరి ట్యాంకు నిండుతోంది? కంపు లారీ ఎవరింటికి వస్తోంది? మన అందరి కళ్ళకీ కనిపిస్తున్నదేగా, ముక్కులకీ తెలుస్తున్నదేగా!" అన్నారాయన.

అందరం వొల్సున్ వైపు తిరిగాం.

"నిండుతోందంటే లోపలే ఉందనేగా అర్థం?" అంది ఆవిడ. "మీవి ఎక్కడికి పోతున్నాయో చెప్పండ్రా నాయనా!"

"మాటలు కాదు సమ్‌చున్, రుజువు కావాలి. నీ మురికికి రుజువు ఉంది, లారీ. మా మురికికి ఏముంది రుజువు?" అన్నారు గిబేగారు.

ఏమీ లేదు. తీర్మానం పాసైంది. కంపు లారీ ఆ సందులోకి రావడం ఆగేదాకా వొల్సున్ హోటల్ మూసెయ్యాలి. ఎత్తని చెయ్యి లేదు, నాదీ కలుపుకొని. తిలాపాపం తలా పిడికెడు అంటారు కదా, మేం మాత్రం పిడికెడు పిడికెడూ పోగేసి ఒక్కావిడ కొంగులో కట్టాం.

ఆవిడ చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది. హోటల్ తలుపులకు గొళ్ళెం పడింది. చలికాలమంతా ఆ దారిన పోతుంటే నాకు ఏదోలా ఉండేది. మాటవరసకు చెబుతున్నాను, నాకు ముల్హ్వే అంటే ఇష్టం, అంతే.

వసంతం రాగానే ఆవిడ మేస్త్రిని పిలిపించింది. పెరట్లో ట్యాంకులోంచి రెండు రోజులు సుత్తి చప్పుడు. ఆ తర్వాత కంపు లారీ రాలేదు. ట్యాంకు నిండటం మానేసింది! ఊరంతా పండగ. గిబేగారు స్వయంగా వెళ్ళి హోటల్ తలుపు తెరిచి, శుభ్రత విషయంలో ఊరంతా ఒక్కమాట మీదికొచ్చిందని ప్రసంగించారు. ఈనాడు మా ఊళ్ళో నిండే ట్యాంకు ఒక్కటి కూడా లేదని గర్వంగా మనవి చేస్తున్నాను.

మొదటి రోజే నేను వెళ్ళి కూర్చున్నాను. వొల్సున్ చేప తరిగింది, సోయా ముద్ద కలిపింది. నీళ్ళకు ఊట వైపు వెళ్తుందనుకున్నాను. ఫ్రిజ్ తెరిచి, కొన్న నీళ్ళ సీసా తీసింది.

"అదేంటి సమ్‌చున్? ఊట పక్కనే ఉందిగా. ఇన్నాళ్ళూ దాంతోనేగా చేశావ్?"

ఆవిడ సీసా మూత తిప్పుతూ నా వైపు చూడకుండానే చెప్పింది.

"అందులో మీరేం వదిలారో అప్పుడు నాకు తెలీదురా, పోశాను. ఇప్పుడు నేనేం వదులుతున్నానో నాకు తెలుసుగా."

పులుసు నా ముందు పెట్టి, చెయ్యి తుడుచుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది.