పదివేల మంది ముఠా, నలభై ఇద్దరు జనం

అక్షరాలు నేను యాభై ఎనిమిదో ఏట నేర్చుకున్నాను. కాబట్టి ఎక్కడైనా ఒత్తు జారిపోయినా, దీర్ఘం పొట్టిదైపోయినా మన్నించండి. చెయ్యి కూడా నిదానమే. ఈ కథ రాయడానికి నాకు పదకొండు రోజులు పట్టింది. మీరు పావుగంటలో చదివేస్తారు. నా ఆలస్యం వల్ల మీకు నష్టమేమీ లేదని మనవి.

ఇక కథలోకి వస్తాను.

"ఈ భూగోళం మీద నేరస్థులు రెండు రకాలు," అన్నాడు మరియదాసు, టీ గ్లాసు గాల్లోకి ఎత్తి. "నాకు దొరికిపోయినవాళ్లు, నాకు దొరకబోయేవాళ్లు. మూడో రకం ఇంకా పుట్టలేదు."

"పొద్దున్నించీ వెతుకుతున్నావు, కళ్లజోడు దొరికిందా?" అంది అతని భార్య అంతోనమ్మ.

"గాలింపు ముమ్మరంగా సాగుతోంది."

"నెత్తి మీద ఉంది. గాలింపు ఆపి టీ తాగు."

మరియదాసు ఏనాడూ పోలీసు కాదు. కానీ ఇరవై ఏడేళ్లు సినిమాల్లో ఇన్‌స్పెక్టర్ వెనకాల నిలబడే కానిస్టేబుల్ వేషం వేశాడు. ఎన్ని శవాల పక్కన టోపీ తీశాడో, ఫైటింగ్ అంతా అయిపోయాక ఎన్నిసార్లు జీపు దిగాడో చెప్పలేం. ఇరవై ఏడేళ్లలో అతనికి దక్కిన డైలాగు ఒక్కటే: "సార్, జీపు రెడీ." అది కూడా ఎడిటింగులో పోయింది. మోకాళ్లు అరిగాక వేషాలు తగ్గాయి. ఇప్పుడు ఫిల్మ్ నగర్ దిగుడులో, బేకరీ పైన ఉన్న 'మనసీటు' అనే ఆఫీసుకి కాపలా ఉంటున్నాడు. అంతోనమ్మ అదే ఆఫీసులో టీలు పెడుతుంది.

షూటింగుల నుంచి అతనితో రెండే రెండు వస్తువులు వచ్చాయి. ఒకటి ఖాకీ టోపీ. రెండోది బూతద్దం. సినిమా సామాన్ల దుకాణంలోది కాబట్టి దానికి అద్దం లేదు. అద్దం ఉంటే లైట్లు మెరుస్తాయని తీసేస్తారు.

"అద్దం లేకుండా దాంట్లోంచి ఏం కనపడుద్దయ్యా?" అని అంతోనమ్మ ఒకసారి అడిగింది.

"నా చూపుకి అద్దం అడ్డం," అన్నాడు మరియదాసు.

మనసీటు పనేమిటంటే, సినిమా ఫంక్షన్లకి జనం ఫోన్లోనే సీటు ఎంచుకుని టికెట్టు తీసుకునే ఏర్పాటు. ఏర్పాటు బాగానే ఉంది. కానీ పోయిన రెండు ఫంక్షన్లకీ పొద్దున పదింటికి బుకింగ్ తెరిస్తే పదీ నాలుగుకల్లా సర్వర్ కుప్పకూలింది. అభిమానులు తిట్టిన తిట్లు రాయడానికి నాకు వచ్చిన అక్షరాలు చాలవు. ఇప్పుడు శుక్రవారం పదింటికి మూడోది. పెద్ద హీరో సినిమా. జూబ్లీ హిల్స్‌లో ఉన్న నిర్మాత, ఈసారి పడితే మీ మొహం చూడనని కబురు పెట్టాడు. ఆ కబురుని ఓనరు సిద్ధార్థ తన కింద సర్వర్ పని చూసే హిమజ మీదికి దించాడు.

"లుక్ హిమజా, ఫ్రైడే పడిపోతే మండే నుంచి నువ్వు రానక్కర్లేదు. నథింగ్ పర్సనల్."

అప్పుడు అంతోనమ్మ అక్కడే టీ ఇస్తోంది. హిమజది కరీంనగర్ వైపు. ఇక్కడ హాస్టల్లో ఉంటూ ఇంటికి ఆధారమైన పిల్ల. అంతోనమ్మ మోకాళ్లకి నొప్పుల మందు కొనిచ్చేది ఆ పిల్లే. అంతోనమ్మ కిందికొచ్చి కళ్లు తుడుచుకుని మొగుడితో ఈ మాట చెప్పింది. చెప్పడమే ఆమె చేసిన పొరపాటు.

మరియదాసు టోపీ సర్దుకుని లేచాడు. "సర్వర్ హత్య కేసు! రెండు హత్యలు అయిపోయాయి, మూడోది శుక్రవారం. నేనుండగా జరగదు."

మేడ మీద హిమజ కంప్యూటరు ముందు తల పట్టుకుని కూర్చుంది. తెర మీద పేర్లు చీమల బారులా పరుగెడుతున్నాయి. మరియదాసు అద్దం లేని బూతద్దం పైకెత్తాడు.

"ఎవరు పాపా వీళ్లంతా?"

"యూజర్లు అంకుల్. పదివేల మంది. రోజూ మూడింటికి వదుల్తున్నా."

యూజర్ ఒకటి, యూజర్ రెండు, యూజర్ మూడు... అందరూ సరిగ్గా మూడింటికే వచ్చారు. అందరూ మూడు సెకన్లలో సీటు ఎంచుకున్నారు, నాలుగు సెకన్లలో డబ్బు కట్టారు, వెళ్లిపోయారు. మరియదాసు తెర దగ్గరికి వంగాడు.

"ఇంటిపేర్లు లేవు. ఊళ్లు లేవు. పదివేల మందిలో ఒక్కడు బేరమాడలేదు, ఒక్కడు ఇంటికి ఫోన్ చేయలేదు. మా ఆవిడ చీర ఎంచితే సాయంత్రమైపోద్ది, వీళ్లు మూడు సెకన్లలో సీటు ఎంచుతారా? పాపా, వీళ్లు మనుషులు కారు!"

"కారు అంకుల్. నేనే తయారు చేసిన."

బూతద్దం మరియదాసు చేతిలోంచి జారింది. పగలడానికి ఏమీ లేదు కాబట్టి పగల్లేదు.

"ఎందుకమ్మా?"

"సర్వర్ని పడగొట్టనీకి. కానీ పడ్తలేదు అంకుల్! ఐదు రోజుల సంది కొడ్తున్నా. నా ముందర ఒక్కసారి పడితే కదా ఎందుకు పడ్తుందో తెలిసేది. ఈ ఉత్తుత్తి మనుషులు పదివేల మంది మీద పడ్డా కదలది. నిజం మనుషులొస్తే మాత్రం నాలుగు నిమిషాల్ల చేతులెత్తేస్తది."

ఆమె అటు తిరిగింది. రెండో సగం మరియదాసు వినలేదు. "పడగొట్టడానికి" దగ్గరే నోటుబుక్కు తీసి 'నేరం ఒప్పుకోలు' అని రాసుకుంటున్నాడు. గోడ మీది బోర్డుకి ఫోన్లో తెరిచే ఓ చిరునామా అంటించి ఉంది. అది హిమజ పరీక్షల కోసం పెట్టుకున్న ట్రయల్ పేజీ. మరియదాసు దాన్ని ముఠా రహస్య స్థావరంగా గుర్తించి అదీ ఎక్కించుకున్నాడు.

కిందికొచ్చి భార్య చెవిలో చెప్పాడు. "ముఠా పెద్దది. పాప అమాయకురాలు, ఎవడో బెదిరించి చేయిస్తున్నాడు. దీని వెనక పెద్ద తలకాయ ఉంది."

"ముందు నీ తలకాయ సరిగ్గా ఉందో లేదో చూసుకో," అంది అంతోనమ్మ. "దాన్ని లోడ్ టెస్టు అంటారంట. షూటింగుకి వంతెన సెట్టు వేసినప్పుడు, హీరో ఎక్కకముందు ఇసుక బస్తాలేసి చూడరూ? అలాంటిది. ఆ పిల్లే చెప్పింది నాకు."

"అంతోనమ్మా, నువ్వు టీ పెట్టు. నేరాలు నాకొదిలెయ్."

ముఠాని పట్టాలంటే లోపలికి దూరాలి. దూరాలంటే మఫ్టీలో మనుషులు కావాలి. మరియదాసు రహమత్ నగర్‌కి ఫోన్ కొట్టాడు.

ఈ పేటలో కూరగాయలకంటే జనం సులువుగా దొరుకుతారు. పెళ్లి జనం, చావు జనం, హీరో కారు దిగగానే ఈలలేసి స్పృహ తప్పే జనం, ఏ రకం కావాలన్నా ఒక్క ఫోను చాలు. అభిమానం ఎంతసేపు పొంగాలో ముందే చెబితే సరిగ్గా అంతసేపే పొంగుతుంది. అలా జూనియర్ ఆర్టిస్టుల్ని పంపే మనోజకి, ముప్పై ఏళ్లుగా తనూ జనంలో ఒకతెగా నడిచే మనోజకి, మరియదాసు పాత నేస్తం.

"ఏం జనం గావాలె అన్నా? పెండ్లా, ధర్నానా?"

"మామూలు పబ్లిక్ కావాలి. సీట్లు కొనుక్కునే పబ్లిక్. ఫోన్లలో ఓ చోటికి దూరి మసలాలి. లోపల మీ పక్కన ఎవడైనా అనుమానంగా కనపడితే నాకు సైగ చేయాలి."

"ఫోన్ల పక్కపొంటి ఎవరు గనపడ్తరే?"

"అది డిపార్టుమెంటు రహస్యం."

"సరే తియ్. తిననీకి ఏం బెడ్తవ్?"

"పులిహోర."

నలభై ఇద్దరికి పులిహోర కలపాలన్న సంగతి అంతోనమ్మకి బియ్యం కడగాల్సిన వేళకి తెలిసింది. ఆమె ఏమందో నేను రాయను. నేను చర్చికి పోయే మనిషిని, ఆమె కూడా పోయే మనిషే.

గురువారం మధ్యాహ్నం రెండున్నరకి నలభై ఇద్దరూ దిగారు. మెట్ల మీద కొందరు, బేకరీ అరుగు మీద కొందరు, కార్ల మధ్య నీడలో కొందరు ఫోన్లు పట్టుకుని సర్దుకున్నారు. మరియదాసు పేపరు గొట్టంలా చుట్టి నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"అందరూ ఒక్కసారే లోపలికి! చకచకా సీటు పట్టాలి, చకచకా బయటికి రావాలి! రెడీ..."

"కట్!" అని అరిచింది మనోజ. "ఏందన్నా గిది? పబ్లిక్ గట్ల జేస్తదా? అందరు ఒక్క తీరుగ నడిస్తే పరేడ్ అంటరు, పబ్లిక్ అనరు. డైరెక్టర్ నెత్తి మీద కొడ్తడు. ఏయ్, ఇనుండ్రి! ఎవరి పని వాళ్లు పెట్టుకోండ్రి. సహజంగ ఉండాలె!"

ఇక వాళ్లు ఆగుతారా? కెమెరా లేకపోయినా కెమెరా ముందున్నట్టే జీవించారు. ఒకామె సీటు మీద వేలు పెట్టి, "ఏమయ్యో, ఫ్యాను కిందేనా?" అని మొగుడిని వెతుక్కుంటూ పోయింది. ఒకాయన బామ్మర్ది కుటుంబానికని ఆరు సీట్లు పట్టుకుని, బామ్మర్దికి ఫోన్ చేసి పాత గొడవ తవ్వుకున్నాడు. ఇంకొకతను సీటు పట్టి, నచ్చక వెనక్కొచ్చి, పక్క సీటు పట్టి, అదీ నచ్చక మళ్లీ వెనక్కొచ్చాడు. పదిమంది సీట్లు పట్టుకుని పులిహోర దగ్గరికి వెళ్లిపోయారు. డబ్బు కట్టినవాడు ఒక్కడు లేడు.

ఏడో నిమిషంలో మేడ మీది నుంచి కేక వినపడింది.

"పడింది! పడిందీ!"

మరియదాసు విజిల్ ఊదాడు. "ఎవరూ కదలొద్దు! భవనాన్ని చుట్టుముట్టాం! హంతకుడు లోపలే ఉన్నాడు!"

మెట్ల మీద ముందు సిద్ధార్థ దిగాడు. "హూ ఈజ్ డూయింగ్ దిస్? రేపు ఈవెంట్ పెట్టుకుని ఈ పిక్నిక్ ఏంటి?"

"ఇతనే!" మరియదాసు గబుక్కున ఓనరు చెయ్యి పట్టుకున్నాడు. "పెద్ద తలకాయ! పాపని బెదిరించింది నువ్వే కదూ? మండే నుంచి రావద్దన్నది ఎవరు? చెప్పు!"

"అయ్యో, ఆయన జీతమిచ్చే బాబయ్యా!" అంతోనమ్మ పులిహోర గరిటెతో పరుగెత్తుకొచ్చింది. "వదులు!"

వెనకాలే హిమజ దిగింది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియడం లేదు.

"అంకుల్ని ఏమనకండి సార్. ట్రయల్ పేజీ పడింది! నేనింకా నా పదివేల మందిని వదల్లేదు. లోపల ఎవరున్నరు? మీరేనా? ఎంతమంది?"

"నలభై ఇద్దరం మేడం," అంది మనోజ.

"ఏం చేసిన్రు?"

"ఏం జేస్తం? పబ్లిక్ చేసేదే జేసినం. గామె సీటు వట్టుకొని మొగన్ని అడగవోయింది. గాయిన ఆరు వట్టిండు. గీ పిలగాడు ఏడుమాట్ల ఎన్కకొచ్చిండు. ఎవ్వలన్న సీటు జూడంగనే పైసల్ కడ్తరా మేడం?"

హిమజ మెట్టు మీద కూలబడింది.

ఆమె తర్వాత అంతోనమ్మకి చెప్పిందీ, అంతోనమ్మ చర్చిలో నాకు చెప్పిందీ ఇది. సీటు మీద ఎవరైనా వేలు పెట్టగానే సర్వర్ వాళ్ల కోసం ఓ తలుపు తెరిచి పట్టుకుంటుందట. డబ్బు కడితే మూస్తుంది. వెనక్కి వస్తే మాత్రం ఆ తలుపు మూయడం మరిచిపోయి ఇంకోటి తెరుస్తుంది. ఉన్న తలుపులే రెండొందలు. హిమజ చేసిన ఉత్తుత్తి మనుషులు బుద్ధిమంతులు. ఎంచడం, కట్టడం, పోవడం తప్ప ఇంకోటి ఎరుగరు. కాబట్టి ఒకరు మూసిన తలుపు ఇంకొకరికి తెరుచుకుంటూ, పదివేల మంది వచ్చినా తలుపులు చాలాయి. నిజం జనం అలా ఉండరు. వాళ్లు తటపటాయిస్తారు, ఇంట్లో అడుగుతారు, వెనక్కొస్తారు, మళ్లీ పోతారు. అందుకే నలభై ఇద్దరికే తలుపులైపోయాయి.

"అంటే హంతకుడు దొరికినట్టేనా?" అన్నాడు మరియదాసు, ఓనరు చెయ్యి ఇంకా వదలకుండా.

"దొరికిండు అంకుల్."

"నేను మొదటి రోజే చెప్పాను, వీళ్లు మనుషులు కారని!"

"చెప్పిన్రు," అంది హిమజ. "నేనే వినలే."

సాయంత్రం దాకా ఆమె మనోజని పక్కన కూర్చోబెట్టుకుని, జనం ఎలా ఉంటారో అడిగి రాసుకుంది. పదిమందిలో ఎంతమంది సీటు పట్టి మానేస్తారు, ఎంతమంది వెనక్కొస్తారు, ఎంతమంది మధ్యలో అన్నానికి లేస్తారు. ఆ బుద్ధులన్నీ తన పదివేల మందికీ నేర్పింది. నేర్పగానే సర్వర్ రెండుసార్లు పడింది. మరిచిపోయిన తలుపులన్నీ మూసుకునేలా సరిచేశాక మూడోసారి నిలబడింది.

శుక్రవారం పదింటికి బుకింగ్ తెరిచారు. పదీ రెండు, పదీ మూడు. అంతోనమ్మ చేతిలో టీ పళ్లెం అలాగే ఉండిపోయింది. పదీ నాలుగు. పదీ అయిదు అయింది. పదిన్నరకి సీట్లన్నీ అయిపోయాయి, సర్వర్ మాత్రం కదల్లేదు. సిద్ధార్థ వెంటనే నిర్మాతకి ఫోన్ చేసి, "మా రీసెర్చ్ టీమ్ ఆరు నెలలు కష్టపడింది సార్," అన్నాడు. రీసెర్చ్ టీమ్ అప్పటికి గేటు దగ్గర నిన్న మిగిలిన పులిహోర తింటోంది.

సోమవారం హిమజ ఆఫీసుకి వచ్చింది. రావడమే కాదు, మరియదాసుని, అంతోనమ్మని మేడ మీదికి పిలిచింది. తెర మీద పదివేల మంది మళ్లీ పరుగెడుతున్నారు. ఆమె పరుగు ఆపి మొదటి వరస చూపించింది. యూజర్ ఒకటి అని ఉండాల్సిన చోట ఇలా ఉంది:

'మరియదాసు. సీటు పట్టుకుంటాడు. అనుమానం వచ్చి వెనక్కి వెళ్తాడు. మళ్లీ వస్తాడు.'

మరియదాసు అదిరిపడ్డాడు. "పాపా! ముఠా నా పేరు కూడా వాడేసింది!"

"ఇరవై ఏడేళ్లలో ఒక్క సినిమాలో పడని పేరు," అంది అంతోనమ్మ. "ఇవాళ తెర మీద పడింది. నోరు మూసుకుని చూడవయ్యా."

మరియదాసు బూతద్దం ఎత్తబోయాడు. ఎత్తలేదు. జేబులో పెట్టేసి, నెత్తి మీది కళ్లజోడు కిందికి దించుకున్నాడు. ఒకసారి చదివాడు, ఇంకోసారి చదివాడు. టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"సార్, జీపు రెడీ," అన్నాడు మెల్లగా, తెరకేసి.

హిమజ రెండో వరస చదివింది. "అంతోనమ్మ. మూడు సెకన్లలో సీటు ఎంచుకుంటుంది. మొగుణ్ని అడగదు."

"ఆ ఒక్కటీ నిజం," అంది అంతోనమ్మ.

జగదాంబ,
డెబ్బై ఒక్క ఏళ్లు,
ఇప్పుడు ఉంటున్నది మోతీనగర్‌లో.