ప్రివ్యూలో ఆగిన పాలగ్లాసు

కూతురూ అల్లుడూ ఆఫీసులకు వెళ్ళగానే పుస్తకాల షాపులో కాసేపు తిరిగి రావాలని కనకదుర్గ అనుకుంది. అమెరికాలోని ఆ ప్లేనో ఊళ్ళో కారు లేనిదే కాలు బయటపడదు కనుక, ఆ షాపు డైనింగ్ టేబుల్ మీది లాప్‌టాప్‌లోనే ఉంది. కొనకుండానే పుస్తకం మొదటి పేజీలు చూపించే ప్రివ్యూ తెరవడం కూతురు నేర్పించింది మొదలు ఆవిడకు రోజూ పండగే. అట్ట చూడవచ్చు, నాలుగు పేజీలు తిరగెయ్యవచ్చు, నచ్చకపోతే పక్క పుస్తకం మీద పడవచ్చు. "కొంటారా, ఊరికే చూస్తారా?" అని అడిగేవాడు లేడు.

లోటు ఒక్కటే. విజయవాడ షాపుల్లో ఆవిడ నిలబడి ఆఖరి పేజీ చదివి, మంచివాళ్ళెవరూ చావలేదని తేలాకే పుస్తకం కొనేది. ప్రివ్యూలో ఆఖరి పేజీ చూపించరు.

ఆనాటి నవలలో ఇంటి కోసం కోడలి తల్లి పాలల్లో విషం కలిపి వియ్యంకుడి చేతికిచ్చింది. ఆయన గ్లాసు ఎత్తాడు. అక్కడితో పేజీలు ఆగిపోయాయి.

కనకదుర్గ ఆగలేకపోయింది. ఒక్కొక్కరి కంప్యూటర్లో ఒక్కో చోట ఆగుతుందేమోనని ఆశపడి, ఆష్‌బర్న్‌లో ఉన్న స్నేహితురాలు గౌరికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది. గౌరి కూడా అదే నవల తెరిచింది; ఆవిడకూ అక్కడే ఆగింది.

"తాగాడా అక్కా ముసలాయన?" అంది గౌరి.

"ఎక్కడ! గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు."

"తాగితే ఇల్లు అమ్మాయిదే. అల్లుడికి అనుమానం రాదంటావా?"

"ఆ వెర్రిబాగులాడికా? పెళ్ళాం గీసిన గీత దాటడు!"

వెనక ఏదో చప్పుడైంది. కనకదుర్గ తిరిగి చూస్తే, ఇందాక తను ఇచ్చిన పాలగ్లాసుతో అదే ఇంట్లో ఉంటున్న వియ్యంకుడు ధర్మారావు నిలబడి ఉన్నాడు. మొహం పాలకంటే తెల్లగా ఉంది.

"ఇంకా తాగలేదా అన్నయ్యగారూ? చల్లారిపోతాయి."

"తరవాత తాగుతాలే చెల్లెమ్మా."

"తీపి చాలలేదా? ఇంకాస్త కలపనా?"

"వద్దమ్మా! కలిపింది చాలు!" అంటూ ఆయన బాత్రూంలోకి దూరి గడియ పెట్టేసుకున్నాడు.

పాపం కడుపు బాగాలేదేమోనని ఆవిడ వాము కషాయం కాచి తలుపు కొట్టింది. "తియ్యండి అన్నయ్యగారూ. రెండు గుక్కలు మింగితే అంతా సర్దుకుంటుంది."

లోపలినుంచి ఆయన కొడుక్కి ఫోన్ చేస్తున్న గొంతు వినిపించింది. "వచ్చెయ్యరా! పాలతో పని కాలేదని కషాయం తెచ్చింది!"

ఆఫీసు వదిలి అల్లుడు నిశాంత్ పరుగెత్తుకొచ్చాడు. "అత్తయ్యా, నాన్న పాలల్లో ఏం కలిపారు?"

"యాలకుల పొడి బాబూ. ఏం, పడదా?"

సంగతి తెలిసేసరికి కనకదుర్గకు నవ్వాగలేదు. అల్లుడికి లాప్‌టాప్ చూపించింది. తలుపు సందులోంచి తొంగి చూసిన ధర్మారావు మెల్లగా వచ్చి పక్కన కూర్చుని చదివాడు. పేజీలు ఆగిపోగానే ఆయన కూడా ఆగలేకపోయాడు. "ఇంతకీ తాగాడా?"

"మీటింగ్ మధ్యలో వచ్చాను నాన్నా! ఇదిగో, కొనేశాను. చదువుకుని ప్రశాంతంగా ఉండండి," అని నిశాంత్ వెళ్ళిపోయాడు. కనకదుర్గ చెయ్యి చాచేలోపే ధర్మారావు లాప్‌టాప్ పట్టుకుని తన గదిలోకి నడిచాడు. సాయంత్రమైనా బయటికి రాలేదు.

మర్నాడు పొద్దున్న ఆయన సిగ్గుపడుతూ, జీవితంలో మొదటిసారి స్వయంగా కాఫీ కలిపి వియ్యపురాలికి తెచ్చిచ్చాడు. అనుమానించినందుకు అదే క్షమాపణ అని ఆవిడకు అర్థమైంది. మురిసిపోతూ సగం తాగింది.

"మొత్తం చదివేశాను చెల్లెమ్మా!" అన్నాడాయన ఉత్సాహంగా. "పెద్దాయన గట్టివాడు. ఏమీ ఎరగనట్టు గ్లాసులు మార్చేశాడు. వియ్యపురాలే పోయింది!"

కనకదుర్గ కప్పులో మిగిలిన సగం వైపు చూసింది.

ఇప్పుడు ఆ ఇంట్లో ఎవరి కాఫీ వాళ్ళే కలుపుకుంటున్నారు.