నడినెత్తి సవరం

ఆ ఉదయం సవరాలమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. మధ్యాహ్నం ఎవరికీ చెప్పకుండా చర్మవైద్యురాలి దగ్గరకు వెళ్ళాలి. సాయంత్రం నాటకం ముగిశాక తలమీద ఒక అబద్ధం పెట్టుకుని వేదిక ఎక్కాలి. ఈ రెండు పనుల మధ్య ఎవరూ ఆమె పాపిట చూడకూడదు.

నాటకశాలలో ఆమెకు ఆ పేరు స్థిరపడి చాలాకాలమైంది. రాజుల గిరజాలు, బిచ్చగాళ్ళ అట్టకట్టిన జుట్టు, ముసలివాళ్ళ బట్టతలలు, అన్నీ ఆమె చేతి పనే. ఆ రోజు నాటకశాల వార్షికోత్సవం. తెర వెనుక పనిచేసేవాళ్ళందరినీ చివరలో ముందుకు పిలిచి ప్రేక్షకులకు చూపిస్తానని దర్శకుడు ప్రకటించాడు. వేదిక దీపాలు నడినెత్తిమీద నిలువునా పడతాయి. ఆ వెలుతురు ఎవరిమీదా జాలి చూపదని ఆమెకు తెలుసు. ఎన్నో తలలను దాని బారినుంచి కాపాడినది ఆమే. అందరి నెత్తినీ కప్పిన మనిషి నెత్తే బోసిగా ఉందని నిండిన సభ చూడటం మాత్రం ఆమె ఊహకు అందలేదు.

"ఏమేవ్, ఈ తూము జాలీలో ఎవరో మునిగిపోయినట్టున్నారు" అన్నాడు భర్త, స్నానాల గదిలో వంగి తడి వెంట్రుకల చుట్టను పైకి లాగుతూ. "శవం దొరకలేదు. జుట్టు మాత్రం దొరికింది."

"పారేయకండి. ఇలా ఇవ్వండి."

"దీన్నేం చేసుకుంటావు?"

"కడుగుతాను."

భార్యను రెండో ప్రశ్న అడగకూడదని అతను ఎప్పుడో నేర్చుకున్నాడు. అందువల్ల ఆ రెండో ప్రశ్నను తన అక్కకు ఫోన్ చేసి అడిగాడు.

తలమీద ఉన్నంతసేపు వెంట్రుకను మనిషి 'నేను' అనుకుంటాడు. రాలిన మరుక్షణం అది చెత్త. ఆ క్షణంలో ఏది మారిందని అడిగితే ఎవరి దగ్గరా జవాబుండదు. సవరాలమ్మ వృత్తి ఆ ప్రశ్నను రానివ్వదు. అక్కడ రాలినదే సరుకు. ముట్లు తప్పడం మొదలైన నాటినుంచి దువ్వెనలో, దిండుమీద, జాలీలో చిక్కినదంతా ఆమె ఏరింది. కడిగి, కుదుళ్ళు ఒకవైపు, కొనలు ఒకవైపు వచ్చేలా సర్దింది. పని ముగిశాక తలుపు గడియ వేసుకుని, ఒక్కొక్క పోగునూ కొక్కెపు సూదితో సన్నని వలకు ముడివేసింది. అరచేయంత సవరం తయారైంది. నడినెత్తిమీద పెడితే పాపిట మూసుకుపోతుంది. తననుంచి పోయినదాన్ని తనకే తగిలించుకోవడం గెలుపో ఓటమో ఆమె తేల్చుకోలేదు. మామూలుగా వేసే ఒంటిముడికి బదులు ప్రతి పోగుకూ రెండు ముడులు మాత్రం వేసింది. ఒకసారి రాలినది మళ్ళీ రాలకూడదు.

నాటకశాలకు వచ్చి, దాన్ని తడిపి దువ్వి, గాలి తగులుతుందని కిటికీ పక్కనున్న చెక్కతలమీద ఆరబెట్టింది. ఆమె చేసిన తప్పు అదొక్కటే.

ఆ చెక్కతలకు ఒక నియమం ఉంది. పెట్టింది కూడా ఆమే. దానిమీద ఏది ఉంటే అది ఆ సాయంత్రం మహారాణి విగ్గుకు చేరాలి. నాటకం మూడో అంకంలో మహారాణి కొడుకు శవం ముందు కూర్చుని జుట్టు పీక్కుంటుంది. అందుకోసం ప్రతి ప్రదర్శనకూ ఒక చిన్న సవరం చేసి విగ్గు నడినెత్తిమీద కుడతారు. దానికి ముడులుండవు. పోగులు జిగురుతో అంటించి ఉంటాయి. లాగితే గుప్పెళ్ళకొద్దీ ఊడివస్తాయి. ఆ రోజుటిది తయారై సొరుగులో ఉంది. తిరిగి రాగానే తీసి కుడదామనుకుని ఆమె గొడుగు తీసుకుని వెళ్ళిపోయింది. నెరిసిన పోగులు కలిసిన నలుపు, రెండింటిదీ ఒకే రంగు.

వైద్యురాలు దీపం దగ్గరకు లాగి పాపిట చూసింది.

"ఇంట్లో ఎవరికైనా ఇలా ఉందామ్మా?"

"మా అమ్మ ఎప్పుడూ కొంగు కప్పుకునే ఉండేదండి. ఎందుకో ఇప్పుడు అర్థమైంది."

"ముట్లు ఆగే వయసులో హార్మోన్లు తగ్గుతాయి. కుదుళ్ళు చిన్నబోతాయి. కొత్తగా వచ్చే వెంట్రుక సన్నగా వస్తుంది, తొందరగా రాలుతుంది. పాపిట వెడల్పవుతుంది. రక్తంలో ఇనుము, థైరాయిడ్ కూడా చూద్దాం. వాటివల్లయితే ఆ మందులు వేరు. తలకు రాసే మందొకటి ఇస్తాను. మొదట్లో ఇంకాస్త రాలొచ్చు, భయపడి మానేయకండి. ఫలితం తెలియడానికి నెలలు పడుతుంది. జడ బిగించి లాగొద్దు."

"మొత్తం వచ్చేస్తుందా అండి?"

"మొత్తం అని నేను చెప్పను. ఉన్నది నిలబడొచ్చు. కొందరికి కొంత తిరిగి వస్తుంది."

"అయితే ఇది జబ్బు కాదా?"

"ప్రాణానికి భయంలేదు. వయసు."

"జబ్బయినా బాగుండేదండి. నలుగురూ జాలిపడేవాళ్ళు."

ఆ మాట నోట్లోంచి రాకుండా ఉండాల్సింది. ఎందుకంటే అప్పటికే నలుగురూ జాలిపడుతున్నారు.

నాటకశాలలో దుస్తులు చూసుకునేది ఆమె పెద్ద ఆడపడుచే. బోడిగుండుకూ మోకాలికీ ముడి పెట్టడంలో ఆవిడ మరదలికన్నా నేర్పరి. తమ్ముడి ఫోను, జాలీలో జుట్టు, మరదలి సంచిలో దాచిన పొట్లం, ఆసుపత్రితో ఫోనులో గుసగుసలు, అన్నీ కలిపి ఒక్క ముడి వేసింది. కళ్ళు తుడుచుకుని తిన్నగా దర్శకుడి గదికి వెళ్ళింది.

"మా మరదలికి ఆ పెద్ద జబ్బండి. జుట్టంతా ఊడిపోతోంది. నోరు విప్పదు, మొండిఘటం."

"ఎంతకాలం అంటున్నారు?"

"అదెవరు చెప్పగలరండీ."

తెలియదు అన్న మాటకు 'దగ్గరపడింది' అని దర్శకుడు అర్థం చెప్పుకున్నాడు. జీవితమంతా విషాద నాటకాలు ఆడించినవాడికి వేరే అర్థం తోచదు. "ఈరోజు ఆవిడ చేత ఎవరూ పని చేయించకండి" అని ఆజ్ఞ వేశాడు. ఆ ప్రకారం ఆడపడుచు స్వయంగా పనిగదికి వెళ్ళి, కిటికీ పక్క చెక్కతలమీద ఉన్నదాన్ని తీసి, ప్రేమగా, గట్టిగా మహారాణి విగ్గుకు కుట్టింది.

వైద్యురాలి దగ్గర వరుస పెద్దది. సవరాలమ్మ వచ్చేసరికి నాటకం మొదలైపోయింది. ఎప్పుడూ తల ఎత్తని కాపలాదారు లేచి నిలబడ్డాడు. దీపాలతను కుర్చీ తెచ్చాడు. ఎవరో గోరువెచ్చని నీళ్ళు చేతికిచ్చారు. ఆమె ఆ నీళ్ళతోనే పనిగదికి వెళ్ళింది. సొరుగులోది సొరుగులోనే ఉంది. చెక్కతల బోడిగా ఉంది.

వేదిక పక్కకు పరుగెత్తింది. ఆడపడుచు రెండు చేతులూ చాచి అడ్డుపడింది.

"వదినా, తెర దించమనండి. విగ్గుమీద ఉన్నది తీసేయాలి!"

"ముందు నువ్వు కూర్చో. పరుగెత్తకూడదు నువ్వు."

"ఎందుకు పరుగెత్తకూడదు?"

"మాకంతా తెలిసిందే తల్లీ."

సవరాలమ్మ చెయ్యి నడినెత్తిమీదికి వెళ్ళింది. ఇంత దాచినా పాపిట బయటపడిపోయింది. "ఎవరెవరికి తెలుసు?"

"అందరికీ. నీ మొగుడు ఫోనులో ఏడ్చినంత పని చేశాడు."

"జుట్టుకి ఏడవడమేమిటి వదినా?"

"జుట్టు పోతే పోయిందే పిచ్చిదానా. నువ్వుంటే చాలు."

అంతలో వేదికమీద శవాన్ని దించారు. మహారాణి మోకాళ్ళమీద కూలబడి రెండు చేతులూ తలలోకి పోనిచ్చింది. లాగింది. ఏమీ రాలేదు. మళ్ళీ లాగింది. రెండేసి ముడులు పళ్ళు బిగించుకుని ఉన్నాయి. రాలినప్పుడు అంత తేలికగా వదిలేసిన జుట్టు ఇప్పుడు ప్రాణం పోయినా వదలనంటోంది. పక్కన నిలబడి సవరాలమ్మ తన నెత్తి పట్టుకుంది. తనకు తెలియకుండానే, ఊడకూడదని కోరుకుంది.

మూడోసారి మహారాణి ఒంట్లోని బలమంతా కూడదీసుకుని లాగింది. విగ్గు విగ్గంతా చేతిలోకి వచ్చేసింది.

దాని కింద మహారాణి సొంత తల ఉంది. నుదుటినుంచి నడినెత్తిదాకా పాపిట కాలిబాటలా వెడల్పుగా తెరుచుకుంది. అటూ ఇటూ నాలుగు సన్నని పోగులు. దీపాల కింద చర్మం మెరిసింది. మహారాణి ఒక్క క్షణం తన చేతిలోనిదాన్ని చూసింది. దాన్ని మళ్ళీ పెట్టుకోలేదు. వంగి, కొడుకు గుండెలమీద ఉంచింది. "ఇదిగో నాయనా, నా దగ్గర ఇంకేమీ లేదు" అంది. అది నాటకంలో లేని మాట. శవం వేషంలో ఉన్నవాడి కళ్ళలోంచి నీళ్ళు కారాయి.

తెర పడగానే సభ లేచి నిలబడింది. చప్పట్లు ఆగాక దర్శకుడు తెర వెనుకవాళ్ళందరినీ వరుసగా నిలబెట్టాడు. సవరాలమ్మను చెయ్యి పట్టి మధ్యకు తెచ్చాడు. సరిగ్గా దీపం కిందికి. తలమీద సవరం లేదు. ముందు వరుసలో భర్త ఉతికిన చొక్కాతో, ఉబ్బిన కళ్ళతో నిలబడి ఉన్నాడు.

"మన మధ్య ఇంకెంతకాలం ఉంటారో తెలియని ఒక గొప్ప కళాకారిణి..." దర్శకుడు కళ్ళొత్తుకున్నాడు. "ఈవిడ లేని లోటు..."

తన సంతాపసభకు తాను హాజరయ్యే అవకాశం అందరికీ రాదు. వచ్చినవాళ్ళు మర్యాదగా విని ఊరుకోవడమే మేలేమో. ఆమె ఒక్క క్షణం అది కూడా ఆలోచించింది.

"నేనింకా ఉన్నానండి" అంది. "నాకే పెద్ద జబ్బూ లేదు. ముట్లు ఆగిపోయాయి, జుట్టు రాలుతోంది, అంతే. ఇందాక మహారాణిగారు పీకబోయింది నా జుట్టే. నేను పెట్టుకుందామని కట్టుకున్నాను. మీకు కనబడకూడదని."

ఆమె తల వంచుకోలేదు. వంచితే ఇంకా బాగా కనబడుతుంది.

వెనుక వరుసల్లోంచి ఒక ఆడగొంతు: "ఏ డాక్టరుకు చూపించావమ్మా?"

మొదట ఆడవాళ్ళు నవ్వారు. మగవాళ్ళు నవ్వవచ్చో లేదో తెలియక పక్కనున్న ఆడవాళ్ళ వంక చూశారు. ఆడపడుచు మాత్రం నవ్వలేదు. "ఆ ముక్క పొద్దున్నే నాతో అంటే నీ సొమ్మేం పోయేదే?" అని అందరికీ వినబడేలా కసిరి, ముక్కు చీదింది.

జనం వెళ్ళిపోయాక మహారాణి విగ్గు పట్టుకుని పనిగది గుమ్మంలో నిలబడింది.

"ఇంతమందిలో నన్ను బోడిదాన్ని చేశావు."

"తప్పు నాదేనండి. కిటికీ పక్కన పెట్టింది నేనే."

మహారాణి ముక్కాలి పీట లాక్కుని కూర్చుంది. "ఇన్నాళ్ళుగా విగ్గు నేనే పెట్టుకుంటాను, నేనే తీసుకుంటాను. నిన్ను కూడా ముట్టుకోనివ్వలేదు. ఎందుకనుకున్నావు?"

"పొగరనుకున్నానండి."

"అలా అనుకోవాలనే." ఆమె తన తల తడుముకుంది. "జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినా అందమేనట. లేనమ్మ సంగతి ఎవరూ చెప్పలేదు. ఆ మందు పేరు చెప్పు."

"ముందు డాక్టరమ్మకు తల చూపించండి. నాకిచ్చింది మీకు సరిపోవాలని లేదు. విగ్గయినా కొలత తీసుకోకుండా కట్టం కదండీ."

ఆనాటినుంచి ప్రతి ప్రదర్శనలోనూ మహారాణి విగ్గు మొత్తం తీసేయాలని దర్శకుడు పట్టుబట్టాడు. ఆవిడ తీసేసింది. సభ నిండుతూనే వచ్చింది. సెలవుల తరువాత నాటకం మళ్ళీ మొదలయ్యే నాటికి మందు తన పని తాను చేసింది. సవరాలమ్మకు రాలడం తగ్గింది, ఉన్నది నిలబడింది. మహారాణికి పాపిట సగం పూడుకుంది. మరొకరైతే సంతోషించేవారు. దర్శకుడు తల పట్టుకుని పనిగదికి వచ్చాడు.

"కొంప మునిగిందమ్మా! మహారాణిగారికి జుట్టు వచ్చేస్తోంది. పల్చబడిన తలలా కనబడే విగ్గు ఒకటి కట్టాలి, లోపల పెట్టుకోవడానికి."

సవరాలమ్మ అద్దం ముందుకు వెళ్ళి తల వంచి చూసుకుంది. తరువాత సూది తీసింది. ఆ విగ్గుకు జుట్టు తక్కువే పట్టింది. ఎక్కడెక్కడ ఉండకూడదో మాత్రం ఆమె ఎవరినీ అడగనవసరం లేకపోయింది.