ఇరుసు మీద ఎనిమిదో పూత

అమెరికాలోని మిన్నెసోటాలో ఆ శనివారమే ఆ ఏటి వాలై చేపల వేట సీజను మొదలు. ముప్పై ఒక్క ఏళ్లుగా ఆర్డెన్ టాలెఫ్సన్ తొలిరోజు సరస్సుకు వెళ్లకుండా ఉండలేదు. ఈసారి కూడా తొమ్మిదింటికల్లా నీళ్లలో ఉండాలనుకున్నాడు. అయితే షెడ్డులో ట్రైలర్ బండి మీదున్న పడవకు కొత్తగా పెద్ద ఇంజను బిగించాడు, బరువు పెరిగింది.

"ట్రైలర్ ఇరుసు ఎంత బరువు మోస్తుందో చూశావా?" అని భార్య లవాన్ అడిగింది. "అది తేలేదాకా బండి కదలడానికి వీల్లేదు."

ఆ సంఖ్య ఇరుసుకు బిగించిన చిన్న రేకు మీద ఉంటుంది. తుప్పు పట్టకూడదని ఎనిమిదేళ్లుగా ఏటా ఆర్డెన్ ఇరుసుకు రంగు పూస్తున్నాడు. రేకును కూడా వదల్లేదు పుణ్యాత్ముడు.

"గీకి చూడు," అంది లవాన్.

"ఇంత నున్నటి రంగునా? మెర్ల్‌ని అడిగితే చిటికెలో చెప్పేస్తాడు."

పక్కింటి మెర్ల్ వచ్చి చక్రం బోల్టులు లెక్కపెట్టాడు. "మూడున్నర వేల పౌండ్లురా, రాసుకో!" అన్నాడు. అతని బావమరిది వచ్చి ఇరుసు చుట్టూ దారం చుట్టి, "నీ మొహం, వెయ్యి దాటదు," అన్నాడు. పంచాయితీ తీర్చడానికి పాస్టరు గారొచ్చారు. ఆయనకు ఇరుసుల గురించి ఏమీ తెలియదు కాబట్టి అందరికన్నా ఎక్కువసేపు మాట్లాడారు. సంగతి విని మరో నలుగురు వచ్చారు.

ఇంటికొచ్చినవాణ్ణి నిలబెట్టి మాట్లాడడం మా ఊళ్లో తప్పు. షెడ్డులో కుర్చీలున్నది పడవలోనే. "ఎక్కండి, కూర్చోండి," అంటూ ఆర్డెన్ ఒక్కొక్కరినీ ఎక్కించి కాఫీ ఇచ్చాడు. చివరికి తనూ ఎక్కాడు. వచ్చినవాళ్లలో ముందుగా లేచేవాడు మర్యాద తెలియనివాడని మరో నియమం. పదకొండయినా ఎవరూ కదల్లేదు.

"నీకేమైనా ఆలస్యమవుతోందా, ఆర్డెన్?" అని పాస్టరు గారు అడిగారు.

"అబ్బే, తొందరేముంది!" అన్నాడు ఆర్డెన్, చేతి గడియారం చూసుకుంటూ.

అప్పుడే కింద ఫట్‌మంది. ఇరుసు విరిగి పడవ ఒక పక్కకు ఒరిగింది. పాస్టరు గారి చొక్కా కాఫీలో తడిసింది. ఎనిమిది పూతలూ పెచ్చులూడి రేకు తళతళా బయటపడింది. లవాన్ వంగి చదివింది.

"ఇరవై రెండు వందల పౌండ్లు. పడవా ఇంజనూ కలిపి పద్దెనిమిది వందలే. పొద్దున్నే గీకి ఉంటే హాయిగా వెళ్లేవాడివి కదయ్యా, మహానుభావా!"

ఆర్డెన్‌కు నిజంగానే ఏడుపొచ్చింది. ముప్పై రెండో ఏడు చేజారిపోయింది. ఇక అందరూ ఇళ్లకు పోతే బాగుండునని దీనంగా చూశాడు.

ఒరిగిన పడవలోంచి ముందుగా లేవడానికి అందరికీ మర్యాద అడ్డొచ్చింది.