డిప్లొమా తరువాత బాల్వాడీ

బిలాస్‌పూర్‌లో నిరుద్యోగ సమస్య నిరుడు జూన్ పదకొండో తేదీ మధ్యాహ్నం రెండున్నరకు పరిష్కారమైపోయింది. సరిగ్గా ఆ సమయానికి రైల్వే కాలనీ కమ్యూనిటీ హాల్లో ‘బాల్యం నుంచి ఉద్యోగం దాకా ప్రాంతీయ భాగస్వామ్య మండలి’ పుట్టింది. బాల్వాడీలు, బళ్లు, కాలేజీలు, శిక్షణ కేంద్రాలు, ఫ్యాక్టరీలు కలిపి ఇరవై మూడు సంస్థలు ఒకే కాగితం మీద సంతకాలు పెట్టాయి. అందరికీ ఒకే పెన్ను సరిపోవడం భాగస్వామ్యం సాధించిన తొలి విజయంగా మినిట్స్‌లో నమోదైంది.

మండలి అధ్యక్షులు చంద్రమౌళిగారు బొగ్గు కంపెనీలో పెద్ద హోదాలో రిటైరైనవారు. రిటైరయ్యాక తీరిక దొరకడంతో యువత గురించి ఆందోళన పడడం మొదలుపెట్టారు. ఆయన మైకు అందుకుని, “మన పిల్లలు ఇరవై రెండేళ్లు వచ్చేదాకా ఏ ఉద్యోగం చెయ్యాలో తేల్చుకోవడం లేదు. అంతకాలం దేశం ఎదురుచూడాలా? ఇకమీదట మూడో ఏటనే నిర్ణయం జరుగుతుంది. పాలపళ్లు ఊడేలోగా ప్రణాళిక సిద్ధమవుతుంది” అన్నారు. హాలు చప్పట్లతో మారుమోగింది. వేదిక అలంకరణ కోసం తెచ్చిన మూడేళ్ల పిల్లలు నలుగురూ ఏడ్చారు. దానిని ఆనందబాష్పాలుగా పత్రికలవారికి వివరించారు.

ఆ నలుగురినీ ఎత్తుకుని బయటికి తెచ్చింది నీలవేణి. కాలనీ బాల్వాడీలో ఇరవై అయిదేళ్లుగా పంతులమ్మ. తాత పలాస వైపు నుంచి వచ్చి రైలు పట్టాల పనిలో చేరాడు, తండ్రి షెడ్డులో ఫిట్టరుగా చేశాడు. నీలవేణి పెంచిన పిల్లలు ఊరంతా ఉన్నారు గానీ, ఆవిడ బెంగంతా కన్నపిల్ల మీదే. కూతురు తనూజకి ఇరవై ఆరేళ్లు. ఎలక్ట్రికల్ డిప్లొమా ఫస్టు క్లాసులో పాసయింది. నాలుగు పోటీ పరీక్షలు రాసింది. క్వార్టర్లలో ఎవరింట మోటారు ఆగిపోయినా తనూజనే పిలుస్తారు, బాగయ్యాక టీ ఇచ్చి, ఇంకా ఉద్యోగం రాలేదా అని జాలిపడతారు. అందుకే మండలి పుట్టిన రోజున నీలవేణి కూడా మనస్ఫూర్తిగానే చప్పట్లు కొట్టింది. ఈ ఊళ్లో తన కూతురికి ఒక దారి తెరుచుకుంటే అంతే చాలనుకుంది.

వారం తిరగకుండా బాల్వాడీకి ఒక టాబ్లెట్ వచ్చింది. పద్దెనిమిది మంది పిల్లల జీవిత లక్ష్యాలూ శుక్రవారంలోగా అందులో నింపాలి. నీలవేణి నిజాయితీగా పిల్లల్నే అడిగింది. మూడున్నరేళ్ల లాస్య తాను గేదెనవుతానంది. టాబ్లెట్‌లో గేదె లేకపోవడంతో దగ్గరగా ఉన్న పాడి పరిశ్రమ ఎంచుకోవలసి వచ్చింది. గోడ సున్నం గీకి తినే పిల్లని ఖనిజ రంగానికి, ఎవరేమడిగినా మాట్లాడకుండా నవ్వే పిల్లాడిని కస్టమర్ కేర్‌కి కేటాయించారు. ప్రార్థన నుంచి ఇంటికెళ్లేదాకా నిద్రపోయే ఇద్దర్నీ పరిపాలనా విభాగం ఒక్క ప్రశ్న కూడా వెయ్యకుండా తీసుకుంది.

ఆపైన మెడలో గుర్తింపు కార్డులు వచ్చాయి. పిల్లలు వాటిని చీకారు. కొరకడం ఇక కొరకడం కాదు, ‘విభేదాల నిర్వహణ’. ముక్కు తనే తుడుచుకోవడం మృదు నైపుణ్యాల్లో ఒకటో స్థాయి, పక్కవాడిది తుడవడం నాయకత్వం. ఒక సిమెంటు కంపెనీ అధికారి వచ్చి పిల్లల ‘పని సంసిద్ధత’ పరీక్షించాడు. లాస్య ఆయన ఒళ్లో కూర్చుని తడిపేసింది. ప్యాంటు మార్చుకోవడానికి వెళ్తూ కూడా ఆయన ఆమెకు ‘చొరవ’ కింద పూర్తి మార్కులు వేశాడు. మనసున్న మనిషి.

అక్టోబరులో మండలి తన తొలి ఉద్యోగాన్ని ప్రకటించింది. బెల్తరా దారిలో ఉన్న ఒక సభ్య ఫ్యాక్టరీలో ఎలక్ట్రికల్ టెక్నీషియన్. ఒకే ఒక్క పోస్టు. తనూజ పరీక్షకు వెళ్లింది. పరీక్ష మధ్యలో హాల్లో కరెంటు పోతే, ఆమే లేచి బోర్డు విప్పి లైట్లు వెలిగించి, వచ్చి మళ్లీ కూర్చుని రాసింది. మొదటి ర్యాంకు వచ్చింది. నీలవేణి సదర్ బజార్ నుంచి రెండు కిలోల జిలేబీ తెచ్చి క్వార్టర్లన్నిటికీ పంచింది.

మర్నాడు కంప్యూటర్ తనూజని తిరస్కరించింది.

తల్లీకూతుళ్లు మండలి ఆఫీసుకి పరుగెత్తారు. సమన్వయకర్త గిరిబాబు చాలా మర్యాదస్తుడు. స్క్రీన్ తిప్పి చూపించాడు. బాల్యం నుంచి ఉద్యోగం దాకా ఉన్న గొలుసులో తనూజకి మొదటి లంకె లేదు. ఆమె బాల్వాడీ చదివినట్టు ఎక్కడా రికార్డు లేదు.

“నా బడిలోనే పెరిగింది బాబూ. నా చీర కొంగు పట్టుకునే నడక నేర్చింది” అంది నీలవేణి. “పంతులమ్మ పిల్లని హాజరుపట్టీలో ఎక్కించకూడదంటే ఎక్కించలేదు. అది తప్పేటి?”

తప్పేమీ లేదనీ, అందుకే మండలి ముందుచూపుతో తొంభై రోజుల వంతెన కోర్సు పెట్టిందనీ గిరిబాబు ఊరడించాడు. తనూజ దగ్గర్లోని బాల్వాడీలో చేరి, శైశవం సక్రమంగా పూర్తి చేసుకుని వస్తే పోస్టు ఆమెదే. అంతదాకా దాన్ని ఎవరికీ ఇవ్వరు.

దగ్గర్లోని బాల్వాడీ అంటే తల్లిదే. బయటికొచ్చాక తనూజే ముందు నవ్వింది.

“అచ్ఛా, అయితే మొదటి రోజు ఏడవాలేటి అమ్మా?”

సోమవారం తనూజ పందొమ్మిదో పిల్లగా చేరింది. లాస్య పక్కన చాప మీద మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని కూర్చుంది. చిలక బొమ్మకి రంగు వేసింది, మధ్యాహ్నం కిచిడీ తింది, వరసలో చెయ్యి కడుక్కుంది. ఖాళీ సమయంలో రెండేళ్లుగా తిరగని ఫ్యాన్లు తిప్పింది, నీళ్ల పంపుకి కొత్త స్విచ్చు వేసింది. టాబ్లెట్‌లో వాటికి చోటు లేదు గనుక, ‘బొమ్మలతో చురుగ్గా ఆడుతుంది’ అని నీలవేణి రాసింది. నిద్రపోయే వేళకి మాత్రం నిద్ర పట్టక తనూజకి ఆ అంశంలో మార్కులు తగ్గాయి.

ముప్పై మూడో రోజున చంద్రమౌళిగారు తనిఖీకి వచ్చారు. నిచ్చెనెక్కి వైర్లు బిగిస్తున్న తనూజని చూసి పొంగిపోయారు. పక్కనున్న ఫొటోగ్రాఫరుతో, “మన పథకం పెట్టి ఆరు నెలలు కాలేదు. బాల్వాడీ స్థాయిలోనే విద్యుత్ నైపుణ్యం వచ్చేసింది” అన్నారు. తనూజ బుగ్గ మీద ముద్దుగా తట్టబోయి, ఎత్తు అందక మానుకున్నారు.

తొంభై రోజులూ గడిచాయి. కాగితపు టోపీ పెట్టి తనూజకి పట్టా ఇచ్చారు. నీలవేణి ఆ పట్టా పట్టుకుని కూతురితో గిరిబాబు దగ్గరికి వెళ్లింది. అతను అభినందించి, మీట నొక్కాడు. మొదటి లంకె పచ్చగా వెలిగింది. దాని కిందే తరువాతి మెట్టు కనిపించింది: ఒకటో తరగతి. ఉద్యోగంలో చేరగల సంవత్సరం: రెండువేల నలభై రెండు.

తనూజ పది, డిప్లొమా పాసయింది కదా అని నీలవేణి అడిగింది. శైశవానికి ముందు చేసిన చదువుల్ని గొలుసు ఒప్పుకోదని అతను విచారంగా చెప్పాడు. పోస్టు మాత్రం ఆమె కోసం భద్రంగా ఉంటుంది. ఒక పోస్టు, ఒక అభ్యర్థి, నూటికి నూరు శాతం ఫలితం అని నివేదిక ఇప్పటికే పైకి వెళ్లింది.

ఇరవై అయిదేళ్లలో నీలవేణి పెద్దవాళ్ల మీద గొంతెత్తలేదు. అప్పుడూ ఎత్తలేదు. “పిల్ల ఒకసారి పెరిగింది బాబూ. రెండోసారి నేను పెంచను” అని చెప్పి కూతురి చెయ్యి పట్టుకుని లేచింది.

తనూజ సదర్ బజార్‌లో ఒక చీరల కొట్టు మెట్ల పక్కన మోటార్లు, మిక్సీలు బాగుచేసే దుకాణం తెరిచింది. రెండు నెలలకే ఊపిరి సలపనంత పని. ఫ్యాక్టరీవాళ్లు కూడా, టెక్నీషియన్ పోస్టు ఖాళీగా ఉన్నందువల్ల పాడైన మోటార్లన్నీ ఆమె దగ్గరికే పంపుతున్నారు. మండలి రికార్డుల్లో ఆమె ‘బడి మానేసిన పిల్ల’. కాలనీవాళ్లు మిక్సీ తీసుకుపోతూ, కనీసం ఒకటో తరగతైనా చదువుకోవలసిందమ్మా అని ప్రేమగా మందలిస్తారు.

తనూజ పేరు కొట్టేసిన సాయంత్రమే బాల్వాడీలో ఒక సీటు ఖాళీ ఉందన్న వార్త ఊరంతా పాకింది. తెల్లారేసరికి మొదటి లంకె కోసం గేటు ముందు వరస కట్టారు. డిగ్రీలవాళ్లు, ఇంజనీర్లు, సిఫారసు ఉత్తరాలతో తండ్రులు, అన్నం క్యారేజీలతో తల్లులు. అందరికంటే ముందు రాజ్‌కిశోర్ నగర్ నుంచి వచ్చిన బ్యాంకు మేనేజరు జానకిరామ్ నిలబడ్డాడు. పక్కన ఎం.టెక్. చదివిన కొడుకు, ఇరవై ఏడేళ్లవాడు, తండ్రి వేలు పట్టుకుని ఉన్నాడు.

నీలవేణి ఆ అబ్బాయి వైపు తిరిగి, “నీ పేరేటి నాన్నా?” అని అడిగింది.

“సాయిచరణ్” అన్నాడు తండ్రి.