మూడు వందల పేజీలూ చదివినవాడు

మహాశయులారా, మనుషుల కోసం రాయడమంత దండగమారి పని లోకంలో ఇంకోటి లేదు. రాస్తే గీస్తే ఏఐ కోసమే రాయాలి! నవ్వకండి. అనుభవించి చెబుతున్నాను.

సాఫ్ట్‌వేర్ ఎలా వాడాలో వివరించే పుస్తకాలు రాయడం నా వృత్తి. పన్నెండేళ్ళయింది. ఒక్కరైనా చదివారా? మొదటి పేజీ మొదటి లైనులోనే 'పచ్చ బటన్ నొక్కండి' అని రాస్తాను. ఫోన్ చేసి మరీ "ఏ బటన్ నొక్కాలండీ?" అని అడుగుతారు. మా మేనేజరు అట్ట చూసి "అద్భుతం" అంటాడు. మా ఆవిడైతే ఆ పుస్తకాన్ని ఊగుతున్న డైనింగ్ టేబుల్ కాలి కింద పెట్టి, కుదురుగా నిలబడిందని మెచ్చుకుంది కూడా!

ఇంతలో మా కంపెనీ బల్ల మీద ఆడే సాహసాల ఆటను కంప్యూటర్ తెర మీదికి ఎక్కించింది. గుహలు, భూతాలు, వీరులు, పాచికలు. ఆట నడిపేది మాత్రం మనిషి కాదు, ఏజెంట్ అనే ఏఐ. పాచికలు వేసే టూల్, బొమ్మల్ని జరిపే టూల్, గుహ తలుపు తీసే టూల్... ఏది ఎప్పుడు వాడాలో దానికి రాసిపెట్టడం నా పని. మూడు వందల పేజీలు రాశాను.

రెప్పపాటులో చదివేసింది! అంతటితో ఆగిందా? "నలభయ్యో పేజీకీ రెండు వందల పదో పేజీకీ పొంతన కుదరడం లేదండీ" అంది. నా కళ్ళు చెమర్చాయి. కట్టుకున్నదానికే పట్టని నా రాతల్లో తప్పులు పట్టే పాఠకుడు! ఏ జన్మలో చేసుకున్న పుణ్యమో!

"ముందు మీ ఇంట్లోవాళ్ళతో ఆడించి చూడండి" అన్నాడు మేనేజరు. ఎగిరి గంతేశాను.

మాకు ఆటగాళ్ళకేం కొదవ? బాబాయి చనిపోయిన ఏడాది మొదలుపెట్టాం ఈ ఆట. తొమ్మిదేళ్ళుగా ప్రతి ఆదివారం మధ్యాహ్నం పిన్ని ఇంట్లో అక్క, బావ, పిన్ని ఆడతారు, నేను నడుపుతాను. అంతా కాగితాల మీదే. పిన్ని వారమంతా ఎదురుచూసేది ఆ రెండు గంటల కోసమే.

ఏజెంట్ రంగంలోకి దిగింది. ఎంత న్యాయం, ఎంత ధర్మం! పాచిక సోఫా కిందికి దొర్లిందని బావ మళ్ళీ వేసుకునే ఆటలు ఇక సాగవు. తొమ్మిదేళ్ళుగా చావెరగని పిన్ని వీరనారి పదకొండో నిమిషంలో ఒక ఎలుక కరిచి చచ్చిపోయింది. "మీ పాత్ర మరణించింది. విచారిస్తున్నాం. తర్వాతి వంతు బావగారిది" అంది ఏజెంట్.

పిన్ని కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "వచ్చే ఆదివారం నాకు పనుందిరా" అంది.

ఈ తొమ్మిదేళ్ళలో పిన్నికి ఆదివారం పని పడటం అదే మొదటిసారి.

అయినా రచయితను కదా, రాతతో సాధించలేనిదుంటుందా? తొమ్మిదేళ్ళుగా నేను గుట్టుగా చేస్తున్నదాన్నే మూడు వందల ఒకటో పేజీకి ఎక్కించాను: 'పిన్నిగారు కళ్ళజోడు తీసి తుడిస్తే, ఎదురుగా ఏ జంతువున్నా పారిపోవలెను.' కాళ్ళావేళ్ళా పడి పిన్నిని ఇంకొక్క వారం కూర్చోబెట్టాను.

ఎలుగుబంటి ఎదురైంది. పిన్ని కళ్ళజోడు తుడిచింది. కంప్యూటర్ కెమెరాలోంచి చూసింది ఏజెంట్.

"ఎలుగుబంటి పారిపోయింది. కారణం: పిన్నిగారు కళ్ళజోడు తుడిచారు. చూడుడు, మూడు వందల ఒకటో పేజీ."

కారణం ఎందుకు చెప్పింది? చెప్పమన్నది నేనే! 'ప్రతి నిర్ణయానికీ కారణం ఆటగాళ్ళకు స్పష్టంగా చెప్పవలెను' అని పన్నెండో పేజీలో ఉంది. ఎవడు చదువుతాడులే అన్న ధీమాతో రాసిన వాక్యం, మహాశయులారా!

బావ కిసుక్కున నవ్వాడు. అక్క మోచేత్తో పొడిచింది.

"నాకు తెలీదనుకున్నావట్రా?" అంది పిన్ని. "తొమ్మిదేళ్ళు చావకుండా ఎవరైనా ఉంటారా? తెలిసే ఊరుకున్నా. మీరంతా వస్తున్నారు, నాకదే చాలనుకున్నా. దాన్నిలా నలుగురి ముందూ చదివించాలా?"

లేచి లోపలికి వెళ్ళిపోయింది. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

సోమవారం మేనేజరు అడిగాడు, "దోషాలేమైనా బయటపడ్డాయా?"

"ఒక్కటీ లేదు సార్. రాసింది రాసినట్టు చేసింది."

ఆయన భుజం తట్టాడు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

ఆదివారం పిన్ని తలుపు తట్టాను. చేతిలో కాగితాలు, పాచికలు.

"ఆ ఏజెంటుగాణ్ణి తెచ్చావా?" అంది గుమ్మంలోంచే.

"లేదు పిన్నీ."

పక్కకు తప్పుకుంది. అక్కకూ బావకూ తనే ఫోన్ చేసింది. అరగంట ఆడామో లేదో, పిన్ని వీరనారి మీదికి ఓ తోడేలు దూకింది. సరిగ్గా అప్పుడే ఆ తోడేలుకు కాలు బెణికింది. ఎందుకు బెణికిందని పిన్ని అడగలేదు. నేనూ చెప్పలేదు.